కొండరాజ్యానికి ఏలిక... చదువుకు దాత
జయపురం మహారాజా విక్రమదేవవర్మ జీవితం

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా వడ్డాది దాటి మాడుగుల చేరేసరికి ఎదురుగా కొండలు గోడకట్టినట్టు నిలబడతాయి. ఆ గోడ వెనుక ఒకప్పుడు పెద్ద కొండరాజ్యం ఉండేది. దాని పాత రాజధాని నందపురం. తరువాతి రాజధాని జయపురం. ఆ రాజ్యాన్ని ఏలిన చివరి తరం ప్రభువులలో ఒకరి పేరు మన జిల్లాలో చదువుకున్న వారందరికీ తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయనే శ్రీ విక్రమదేవవర్మ మహారాజా.

పేరు తెలిసినంతగా ఆయన జీవితం తెలిసినవారు తక్కువ. జీవితంలో ఎక్కువ భాగం సింహాసనానికి దూరంగా గడిపి, అరవయ్యో పడి దాటాక రాజైన మనిషి ఆయన. చేతికి వచ్చిన ధనంలో పెద్ద భాగాన్ని చదువుకు ఇచ్చారు. ఆ కథ చెప్పాలంటే ముందు ఆ కొండరాజ్యం కథ చెప్పుకోవాలి. అది మన ఊళ్ల దగ్గరే మొదలవుతుంది.

వడ్డాది మత్స్యరాజులు

ఈనాడు వడ్డాది బుచ్చెయ్యపేట మండలంలో ఒక ఊరు. 13వ శతాబ్దంలో అది ఒక చిన్న రాజ్యానికి ముఖ్యస్థానం. శాసనాలలో ఆ సీమ పేరు ఒడ్డవాది. ఏలినవారు మత్స్యవంశపు రాజులు. అదే మండలంలోని దిబ్బిడి అగ్రహారంలో దొరికిన రాగిశాసనం ఈ వంశ చరిత్రకు ముఖ్యమైన ఆధారం. అది శక సంవత్సరం 1191 నాటిది, అంటే క్రీస్తుశకం 1269. మత్స్యరాజు అర్జునుడు బ్రాహ్మణులకు దిబ్బిడి గ్రామాన్ని దానమిచ్చిన సంగతి అందులో ఉంది.

ఆ శాసనం వంశం పుట్టుకను కథగా చెబుతుంది. ఒక అప్సరస శాపం వల్ల చేపగా మారి ఏటిలో ఉండగా ఒక ముని వల్ల ఆమెకు కొడుకు పుట్టాడట. అతడే సత్యమార్తాండుడు. ఉత్కళరాజు అతనికి తన కుమార్తె నిచ్చి పెండ్లి చేసి, ఒడ్డవాది సీమకు రాజుగా నిలిపాడట. ఇందులో పురాణం పాలు ఎంతయినా, ఒక సంగతి మాత్రం స్పష్టం. ఈ కొండ అంచు రాజ్యానికి ఒక చేయి తెలుగు మైదానం మీద, రెండో చేయి ఉత్కళం మీద ఉండేది. రెండు వైపులా ఉన్న పెద్ద రాజ్యాల నడుమ కొండలను ఆసరా చేసుకుని ఇలాంటి చిన్న రాజ్యాలు బతికాయి.

కథలోని ఏరు మాచ్‌ఖండ్ నది అని పరిశోధకులు భావిస్తారు. ఆ నది పుట్టేది మాడుగుల కొండలలోనే. అక్కడి నుంచి ఉత్తరంగా పోయి, జయపురం సీమను తాకి, డుడుమ దగ్గర లోయలోకి దూకి, సీలేరై, శబరిలో కలిసి చివరకు గోదావరి చేరుతుంది. వడ్డాది రాజ్యం పోయాక కూడా మాడుగుల జమీందారులు తాము మత్స్యదేశపు రాజుల సంతతి అని చెప్పుకునేవారు. చేప ఆకారపు సింహాసనం మీద వారికి పట్టాభిషేకం జరిగేది. జెండా మీద చేప, సంతకంలో చేప బొమ్మ ఉండేవి. ఇప్పుడు మాడుగుల అనగానే హల్వా గుర్తుకు వస్తుంది. దాని వెనుక ఇంత పాత చరిత్ర ఉన్నది.

నందపురం నుంచి జయపురానికి

కొండల పైన నందపురం ఉంది. అక్కడ శిలావంశపు రాజులు ఏలేవారు. ముప్పైరెండు మెట్ల సింహాసనం వారిదేనని ప్రతీతి. ఆ స్థలాన్ని నేటికీ చూపిస్తారు. శిలావంశపు చివరి రాజుకు మగసంతానం లేదు. ఆయన కుమార్తెను పెండ్లాడి వినాయకదేవుడు రాజ్యానికి వచ్చాడు. ఇది 1443 ప్రాంతపు మాట. ఆయన ఉత్తరాది నుంచి కాశీకి వచ్చాడనీ, కలలో దేవుని ఆజ్ఞ విని నందపురం దారి పట్టాడనీ వంశకథ. కొత్త రాజును కొందరు ప్రజలు ఒప్పుకోక తిరగబడ్డారు. అప్పుడు ఒక వర్తకుల నాయకుడు సాయపడి మళ్లీ రాజ్యంలో నిలిపాడట.

ఈ వర్తకుని కథ వట్టి కట్టుకథ కాదనిపిస్తుంది. కొండరాజ్యానికి ఉప్పు మైదానం నుంచే పోవాలి. చింతపండు, పసుపు, తేనె, మైనం కొండల నుంచే దిగాలి. ఎద్దుల మీద పెరికెలు వేసుకుని కనుమలు ఎక్కి దిగే వర్తకులు లేకపోతే రాజు కోటలో దీపం వెలగదు. కనుమ దారి ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వారిది.

16వ శతాబ్దంలో విశ్వనాథదేవుని కాలంలో రాజధాని రాయగడకు మారింది. 17వ శతాబ్దంలో వీరవిక్రమదేవుడు జయపురాన్ని రాజధాని చేశాడు. రాజ్యం బలంగా ఉన్న రోజులలో కొండ అంచునున్న సాలూరు, పాచిపెంట, ఆండ్ర, కురుపాం, మాడుగుల వంటి సంస్థానాల వారు ఈ రాజుకే సామంతులు. 18వ శతాబ్దంలో విజయనగరం పూసపాటి వారి బలం పెరిగి జయపురం పట్టు సడలింది. 1775లో కాప్టెన్ మాథ్యూస్ నాయకత్వాన కంపెనీ పటాలం జయపురం కోటను పట్టుకుంది. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు నేలకొరిగాక కంపెనీవారు ఈ ప్రాంతపు లెక్కలన్నీ తిరగరాశారు. శాశ్వత పైసలా కింద 1803లో జయపురం కట్టవలసిన పేష్కస్ 16,000 రూపాయలుగా ఖాయమయింది. రాజ్యం కాస్తా జమీందారీ అయింది. 1839 చట్టంతో కొండ ప్రాంతమంతా ఏజెంటు పాలనలోకి పోయింది. 1863లో తెల్లదొరల పోలీసు జయపురంలో అడుగు పెట్టింది. రాజుకు సింహాసనం మిగిలింది గాని కత్తి మిగలలేదు.

సింహాసనానికి దూరంగా

ఇటువంటి వంశంలో 1869 జూన్ 28న విక్రమదేవవర్మ పుట్టారు. తండ్రి కృష్ణచంద్రదేవు రాజు గారి సోదరుడు. అంటే పుట్టింది రాజవంశంలోనే అయినా రాజ్యం తనది కాదు. జమీందారీ ఇళ్లలో ఇలాంటి వారి బతుకు ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. గౌరవం ఉంటుంది, అధికారం ఉండదు. మనోవర్తి ఉంటుంది, పని ఉండదు. చాలామంది వేటతోనో, వ్యాజ్యాలతోనో, వ్యసనాలతోనో కాలం వెళ్లబుచ్చారు. ఈయన మాత్రం పుస్తకం పట్టుకున్నారు.

సంస్కృతం, ఒరియా, తెలుగు, ఇంగ్లీషు భాషలు నేర్చారు. ఒరియాలోనూ తెలుగులోనూ కవిత్వం చెప్పారు, నాటకాలు రాశారు. జయపురం విడిచి చాలా ఏళ్లు విశాఖపట్నంలో నివాసమున్నారు. అప్పటి విశాఖపట్నం ఈనాటి మహానగరం కాదు. రేవు కట్టడం పూర్తికాని చిన్న పట్నం. జమీందారుల బంగళాలు, కోర్టులు, ఏ.వి.ఎన్. కళాశాల, పండిత గోష్ఠులు అక్కడ ఉండేవి. ఆ గోష్ఠులలో ఈ రాజకుమారుడు పండితుల మధ్య పండితుడుగా మెలిగారు. సాహిత్యసామ్రాట్ అనే పేరు ఆయనకు రాజ్యం వల్ల రాలేదు, రచన వల్లనే వచ్చింది.

విశాఖపట్నంలో ఉన్న ఆ ఏళ్లే ఆయనకు ఒక సంగతి చూపించి ఉండాలి. ఈ జిల్లాల కుర్రవాళ్లకు తెలివి ఉంది, చదువుకునే చోటు లేదు. విశాఖపట్నంలో, విజయనగరంలో కళాశాలలున్నా పైచదువు అంటే రైలెక్కి మద్రాసు పోవలసిందే. సైన్సు చదువుకు ప్రయోగశాల కావాలి, దానికి సొమ్ము కావాలి. మాడుగుల, చోడవరం వంటి ఊళ్ల రైతుబిడ్డకు మద్రాసు ఖర్చు అందని మాట.

1931: రెండు మార్పులు

1920 నుంచి జయపురం ఏలిన రామచంద్రదేవు 1931లో సంతానం లేకుండా గతించారు. వారసత్వం దగ్గర జ్ఞాతి అయిన విక్రమదేవవర్మకు వచ్చింది. అప్పటికి ఆయన అరవయ్యో పడి దాటారు. తలనెరిసిన వయసులో కిరీటం వచ్చింది.

సరిగ్గా ఆ ఏడే ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ మార్పు వచ్చింది. 1926లో బెజవాడలో మొదలైన ఆ విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు చేరింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రభుత్వపు దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవికి వచ్చారు. చేతిలో విశ్వవిద్యాలయం ఉన్నది గాని భవనాలు లేవు, ఆచార్యులు లేరు, సైన్సు శాఖలు లేవు. అన్నిటికీ మించి సొమ్ము లేదు. అవి ప్రపంచమంతా ఆర్థికమాంద్యంతో కుంగిన రోజులు. ధాన్యం ధర పడిపోయి రైతు శిస్తు కట్టలేని కాలం. ఏ జమీందారు ఖజానాకైనా రాబడి తగ్గిన కాలమే అది.

ఆ సమయంలో కొత్త మహారాజా వారు ఏటా లక్ష రూపాయలు విశ్వవిద్యాలయానికి ఇస్తామన్నారు. లక్ష రూపాయలంటే ఈనాటి లెక్కలో చూడరాదు. 1930ల్లో తులం బంగారం ముప్పై రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. అంటే ఏడాదికి సుమారు మూడు వేల తులాల బంగారం అన్నమాట. 1803లో కంపెనీకి తన వంశం కట్టడానికి ఒప్పుకున్న పేష్కస్‌కు అది ఆరింతలు. ఆ సొమ్ము ఊతంతో సైన్సు, సాంకేతిక కళాశాల లేచింది. దానికి జయపురం విక్రమదేవ్ కళాశాల అని పేరు పెట్టారు.

భౌతికశాస్త్రానికి సూరి భగవంతం గారు, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి గారు వంటి యువ విద్వాంసులు అక్కడ పనిచేసి పేరు గడించారు. మన ప్రాంతానికి దగ్గరైన సంగతి మరొకటి ఉంది. 1933లో మొదలైన రసాయన సాంకేతిక శాఖలో పంచదార తయారీ చదువు కూడా చెప్పారు. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచే ఉంది. బెల్లం వండే సీమకు పంచదార చదువు అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

హద్దు మారింది, చేయి మారలేదు

ఇంతలో పెద్ద పరీక్ష ఒకటి వచ్చింది. ఒరియా మాట్లాడేవారందరికీ ఒక రాష్ట్రం కావాలన్న ఉద్యమం ఫలించి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానం ఆ రాష్ట్రంలో చేరింది. కోరాపుట్ జిల్లా అయింది. నందపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. పాత సామంతులైన మాడుగుల, సాలూరు ఇటు ఉండిపోయాయి. శతాబ్దాలుగా ఒకే కనుమల దారిన నడిచిన సీమ రెండు ముక్కలయింది.

మహారాజా వారు ఒరియా కవి. ఉత్కళ రాష్ట్ర నిర్మాణానికి అండగా నిలిచినవారు. ఆంధ్రదేశంతో ఆయనకు ఇక పాలన సంబంధం లేదు. నా సంస్థానం అటు పోయింది, మీ విశ్వవిద్యాలయం సంగతి మీరే చూసుకోండి అన్నా ఎవరూ తప్పు పట్టలేరు. తన సొంత ప్రాంతంలో బడులు లేని ఊళ్లు వందల కొద్దీ ఉన్నాయి. కాని ఆయన మాట తప్పలేదు. బతికినంతకాలం ఏటా లక్ష రూపాయలు వాల్తేరుకు అందుతూనే వచ్చాయి. యుద్ధకాలంలో, 1942లో, విశ్వవిద్యాలయం వాల్తేరు విడిచి గుంటూరు పోవలసి వచ్చింది. ఆ కష్టకాలంలోనూ ఆ ఆధారం నిలిచింది.

విశ్వవిద్యాలయం ఆయనకు ప్రో ఛాన్సలర్ గౌరవాన్నీ, డి.లిట్. పట్టాన్నీ ఇచ్చింది. ఒరియా సాహిత్యానికీ, ఉత్కళ విద్యాసంస్థలకూ కూడా ఆయన చేయి చాచారు. 1947లో జయపురంలో ఆయన పేరనే కళాశాల మొదలయింది. 1951 ఏప్రిల్ 14న, ఎనభై ఒక్కేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు, 1952 డిసెంబరులో, జమీందారీ రద్దు చట్టం కింద జయపురం సంస్థానం ప్రభుత్వపరమయింది. 1443లో మొదలైన ఏలుబడి ఐదు వందల ఏళ్లు దాటి అక్కడితో ముగిసింది.

ఆ సొమ్ము ఎవరిది?

దాతను మెచ్చుకునేటప్పుడు ఆ ధనం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. జయపురం ఖజానా నిండింది కొండల మీద. పరజ, గదబ, కోదు, సవర రైతులు పోడు కొట్టి, రాగులు, సామలు, వరి పండించి శిస్తు కట్టారు. అడవి మీద రాబడి వచ్చింది. ఆ సీమలో వెట్టి ఉండేది. సారా వ్యాపారుల, వడ్డీ వ్యాపారుల చేతుల్లో పడి గిరిజనులు పొలాలు పోగొట్టుకున్నారు. ఆ అన్యాయం ఎంత ముదిరిందో చెప్పడానికి 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీద ప్రభుత్వం చట్టం చేయవలసి రావడమే చాలు. 1922 నుంచి 1924 వరకు ఇటు గూడెం కొండలలో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు నడిచింది కూడా అటువంటి బాధల వల్లనే.

అందుచేత విక్రమదేవవర్మ దానంలో కొండ రైతు చెమట కూడా ఉన్నది. వాల్తేరు ప్రయోగశాలలో మన మైదానపు పిల్లలు చదువుకుంటున్న రోజులలో కోరాపుట్ కొండ పల్లెల పిల్లలకు అక్షరం అందలేదు. ఇది ఒక్క మహారాజా తప్పు అనడానికి లేదు. ఆ తప్పు ఆ కాలపు పద్ధతిది. అయినా ఆ బాకీ బాకీయే. అదే కాలంలో అంతే రాబడి ఉన్న జమీందారులు ఎందరో ఆ ధనాన్ని గుర్రప్పందేలకూ, విదేశీ మోటార్లకూ తగలేశారు. వారి పేర్లు ఈనాడు ఎవరికీ గుర్తులేవు. ఈయన అదే ధనాన్ని నలుగురి పిల్లలకు ఉపయోగపడే చోట పెట్టారు. తేడా అక్కడే ఉంది.

బాకీ కొంతవరకు ఇప్పుడిప్పుడే తీరుతున్నది. కోరాపుట్‌లో 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. విజయనగరం ప్రాంతంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలయింది. జయపురంలో ఆయన పేరున్న కళాశాల 2023లో విశ్వవిద్యాలయమయింది. పాత కొండరాజ్యానికి అటూ ఇటూ ఇప్పుడు పైచదువుకు చోట్లున్నాయి. కొండ పల్లెల పిల్లలు అక్కడ ఎంతమంది చేరి, ఎంతమంది పూర్తి చేసి బయటికి వస్తారన్నదే ఇక చూడవలసింది.

మిగిలినది

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. వడ్డాది, దిబ్బిడి, మాడుగుల ఈ జిల్లాలోకి వచ్చాయి. వాటి పైనున్న పాడేరు కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. హద్దులు మరోసారి మారాయి. మత్స్యరాజుల కాలం నుంచి చూస్తే ఈ సీమకు హద్దులు మారడం కొత్త కాదు. ఏలినవారి కోటలు కూలిపోయాయి. చేప జెండాలు పోయాయి. ముప్పైరెండు మెట్ల సింహాసనం చూడవచ్చేవారికి చూపించే గుర్తుగా మిగిలింది.

మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం ఆగలేదు. ఆ నీటి మీద 1955లో విద్యుత్ కేంద్రం మొదలై రెండు రాష్ట్రాలకూ వెలుగు ఇచ్చింది. నది ఏ రాష్ట్రానిదో అడగకుండా రెండు వైపులా దీపం వెలిగించింది. హద్దుకు అవతల ఉండి ఇవతలి పిల్లల చదువుకు సొమ్ము పంపిన మహారాజా చేసిన పనీ అటువంటిదే.

మన ఊళ్లలో సైన్సు చదివి మాస్టార్లయినవారు, కర్మాగారాలలో ఇంజనీర్లయినవారు, చెరకు తోటలకు మేలైన విత్తనం చూపించినవారు ఎందరో ఆ వాల్తేరు భవనాల మీదుగానే వచ్చారు. వారి ధ్రువపత్రాల మీద ఉండేది విశ్వవిద్యాలయం పేరు. ఆ భవనాలకు పునాదిరాళ్లు మాత్రం కొండల మీది ఒక పాతరాజ్యపు ఖజానా నుంచి దిగివచ్చాయి. ఈసారి వడ్డాది మీదుగా మాడుగుల పోయేవారు ఆ కొండల వైపు చూసినప్పుడు ఈ సంగతి ఒక్కసారి పిల్లలకు చెబితే చాలు.